డిసెంబరులో ఆరని రంగు

ఇవాళ మధ్యాహ్నం మా అబ్బాయి స్కూల్లో టీచరు నన్ను పిల్లలు కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టి, పసితనంలో వీడికేమైనా పెద్ద జబ్బు చేసిందా అని అడిగింది. మోకాళ్ళు గడ్డానికి తగిలేంత పొట్టి కుర్చీ అది, అందులో కూర్చుంటే ఎంత చదువుకున్న తల్లికైనా అల్లరి చేసి దొరికిపోయినట్టే ఉంటుంది. తోటి పిల్లలు కథల పుస్తకాలు చదివేస్తుంటే వీడింకా అక్షరాలు కలుపుకోలేకపోతున్నాడనీ, ఒకచోట కుదురుగా కూర్చోలేడనీ, అయినా చాలా ముద్దొచ్చే పిల్లవాడనీ ఆవిడ మెల్లగా, నా మనసు నొప్పించకుండా చెప్పుకొచ్చింది. జబ్బేమీ చెయ్యలేదని చెప్పబోయి ఆగాను. ఏడాది పిల్లవాడప్పుడు వాడి రక్తంలో సీసం ఉందన్నారని చెప్పాను. ఎలా వచ్చిందని అడిగింది. పాత పెయింట్ అన్నాను. ఇంగ్లీషులో ఆ రెండు మాటలతో అయిపోయింది. తెలుగులో చెప్పాలంటే మాత్రం మా అత్తయ్య దగ్గర మొదలుపెట్టాలి, అందుకే అందరూ పడుకున్నాక ఈ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో ఈ దేశానికి వచ్చినవాళ్ళకి ఆ రోజులెలా ఉండేవో నేను గుర్తు చెయ్యక్కర్లేదు. ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద ఇప్పుడు మనవాళ్ళ కొట్లు ఒక్కొక్కటే తెరుస్తున్నారు గానీ, అప్పట్లో కందిపప్పు కోసం శనివారమంతా ఖర్చుపెట్టి రైల్లో న్యూయార్క్ వెళ్ళొచ్చేవాళ్ళం, ఊరినుంచి ఎవరైనా ఎండు కరివేపాకు తెస్తే వంటలో వేయడానికి మనసొప్పక కవరు విప్పి వాసన చూసి మళ్ళీ మూసేవాళ్ళం. నేను బి.ఏ. చదివి, పెళ్ళయ్యి, మావారి వెనక వచ్చి, ఇన్సూరెన్స్ ఆఫీసులో ఫైళ్ళు సర్దే ఉద్యోగంలో చేరాను. రెండు మూడేళ్ళు అపార్ట్‌మెంట్లో ఉండి, ఎనభైల మొదట్లో పిస్కాటవేలో ఇల్లు కొన్నాం. చెక్క గోడల ఇల్లు. మా ఇద్దరి వయసులూ కలిపినా దాని వయసుకి చాలవు. గోడల మీదా కిటికీల మీదా ఎన్నిసార్లు రంగులు వేశారో, అంచుల్లో గీస్తే పొరలు పొరలుగా కనిపించేవి. మాకది ముచ్చటగానే ఉండేది. ఇంతమంది కాపురం చేసిన ఇల్లు మంచిదే అయి ఉంటుందని మావారు అనేవారు, నేనూ నమ్మాను.

బాబు పుట్టిన ఏడు వేసవిలో అత్తయ్య వచ్చారు. బాపట్ల దగ్గర ఊరు. మామయ్య మిషన్ స్కూల్లో టీచరుగా పనిచేసి నేను కాపురానికి రాకముందే పోయారు. ఈవిడ ఇక్కడికి వచ్చాక నేత చీర మీద మావారి పాత స్వెట్టరూ, కాళ్ళకి ఉన్ని సాక్సూ వేసుకుని, ఆ సాక్సుల మీద హవాయి చెప్పులు తొడుక్కుని ఇల్లంతా తిరిగేవారు. నేను ఆఫీసుకి వెళ్ళాలి, పరాయివాళ్ళ చేతుల్లో బిడ్డని పెట్టాలంటే నాకు ప్రాణం పోయేది, ఆవిడ రావడంతో తిరిగి ఊపిరి వచ్చింది. ఆవిడ కొంగు ఒక్కటి చాలు, ఇంట్లో ఇంకే గుడ్డా అక్కర్లేదనిపించేది. వేడి గిన్నె దించినా అదే, చేతులు తుడుచుకున్నా అదే, బాబు ఏడిస్తే ఆ కొస ముడి వేసి బొమ్మ చేసేవారు, అన్నం తినిపించాక నీళ్ళతో మూతి కడిగి దాంతోనే ఒత్తేవారు. వాడు ఆ ఒత్తుడుకి కళ్ళు మూసుకుని, మొహం ముందుకు చాచి కూర్చునేవాడు. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి వాడి ఒంటినిండా ఆవిడ వాసనే.

వచ్చిన కొన్నాళ్ళకి ఆవిడ కన్ను ఇంటి బయటి గొట్టాల మీద పడింది. గుమ్మం పక్కన గ్యాసు మీటరుకి వెళ్ళే పైపు, మెట్లకి పట్టుకునేందుకు వేసిన ఇనుప పైపు, చూరు నుంచి వాననీళ్ళు దిగే గొట్టం, అన్నీ తుప్పుపట్టి, పాత రంగు పొక్కులుగా లేచి ఉండేవి. మేం రోజూ ఆ మెట్లెక్కి దిగుతున్నా చూసింది లేదు. ఆవిడ మాత్రం ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు.

"ఇంత పెద్ద దేశానికొచ్చి తుప్పు గొట్టాల మధ్య కాపురం చేస్తున్నారా అమ్మాయ్? క్రిస్మస్‌కి కేరల్స్ పాడేవాళ్ళొస్తే ఏ మొహం పెట్టుకుని తలుపు తీస్తావు?"

మా వైపు క్రైస్తవ సంఘాల్లో పెరిగినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. పండుగ ముందు గోడలకి సున్నం, తలుపులకి రంగు వేయని ఇల్లు ఉండదు, వేయలేదంటే ఆ ఏడు ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం. అత్తయ్యకి గోడలు వేరేవాళ్ళు వేసినా సరే, వాకిట్లో బోరింగు పంపు మాత్రం తన చేత్తో గీకి, తన చేత్తో రంగు వేసుకోవాలి. ప్రతి డిసెంబరూ అదే ఆవిడ పండుగ పని. కాబట్టి మా ఇంటి పైపులు చూడగానే చేతులు దురద పెట్టినట్టున్నాయి. మావారు హార్డ్‌వేర్ షాపుకి వెళ్ళి తీగల బ్రష్షూ, ఉప్పు కాగితం కట్టా తెచ్చిచ్చారు. నాకు కూడా సంతోషంగానే ఉంది. నేను లేనప్పుడు రోజంతా ఆ చెక్క గదుల్లో ఒంటరిగా ఆవిడకి ఎలా పొద్దుపోతుందో అని దిగులుపడేదాన్ని, ఇప్పుడు ఒక పని దొరికింది.

ఆ ఏడు ఆకులు రాలే రోజులంతా ఆవిడ మధ్యాహ్నం ఎండ పడే వేళకి మెట్ల దగ్గర దుప్పటి పరిచి, దాని మీద బాబుని కూర్చోబెట్టి, పక్కన తాను పీట వేసుకుని పైపు గీకేవారు. బ్రష్షు నచ్చక వంటింట్లోని మొండి కత్తి పట్టుకెళ్ళారు. తెల్ల రంగు కింద ఆకుపచ్చ, ఆకుపచ్చ కింద బూడిద రంగు, అన్నిటికంటే అడుగున ఇటుక పొడి లాంటి ఎర్రటి పూత. నేను ఆఫీసునుంచి వచ్చేసరికి జానెడు మేర ఇనుము మెరుస్తూ ఉండేది, ఆవిడ దాని మీద ఊది, కొంగుతో తుడిచి, అద్దంలా ఉంది చూడమనేవారు. దుప్పటి మీద రంగుల పొడి సన్నగా రాలి ఉండేది. దాన్ని దులిపి లోపలికి తెచ్చుకునేవాళ్ళం. మావారు ఇంజనీరు. నేను డిగ్రీ చదివినదాన్ని. మా ముగ్గురిలో ఎవరికీ ఆ పొడిని చూస్తే పొడి అనే తప్ప ఇంకేమీ తోచలేదు.

గీకడం అయ్యేసరికి డిసెంబరు వచ్చేసింది. పక్కింటి అమెరికన్ పెద్దావిడ కంచె దగ్గర నిలబడి, ఇంత చలిలో రంగు ఆరదు, వేసవి దాకా ఆగండి అని చెప్పింది. నేను తెలుగులో చెబితే అత్తయ్య నవ్వారు.

"వేసవి దాటితే వాన, వానలో రంగేస్తారా ఎవరైనా? ఈవిడ ఎప్పుడూ పెయింటు డబ్బా మొహం చూసినట్టు లేదు."

బాపట్లలో డిసెంబరంటే ఎండ, పొడి గాలి, పొద్దున వేసిన రంగు మధ్యాహ్నానికి ముట్టుకోవచ్చు. ఆవిడ లెక్కలో తప్పేమీ లేదు. ఆ లెక్క సరిపోని దేశంలో ఉన్నారు, అంతే. చేతులకి మావారి గ్లవ్స్ తొడుక్కుని, ముక్కునుంచి నీళ్ళు కారుతున్నా వదలకుండా రెండు పూతలు నల్ల రంగు వేశారు. పైపులు మెరిసిపోయాయి. మెరుస్తూనే ఉన్నాయి, ఆరలేదు. కేరల్స్‌కి వ్యాన్లో వచ్చిన మన సంఘంవాళ్ళు మెట్లెక్కుతూ పైపు పట్టుకుంటే ఉన్ని గ్లవ్స్ అతుక్కుపోయాయి. లావుపాటి ఆంటీ ఒకావిడ చెయ్యి లాక్కుని గ్లవ్ అక్కడే వదిలేసి, "వదినగారూ, మీ ఇల్లు నన్ను ఉండిపొమ్మంటోంది, దుప్పటి పరచండి" అంది. అందరూ పగలబడి నవ్వారు. అత్తయ్య కూడా నవ్వారు గానీ, వాళ్ళంతా వెళ్ళిపోయాక వాకిట్లో లైటు కింద నిలబడి ఆ గ్లవ్ బొచ్చు అంటుకున్నచోట వేలితో తడుముతూ చాలాసేపు లోపలికి రాలేదు. ఆ ఇంట్లో మేం మనసారా నవ్వుకున్న పండుగ అదొక్కటే అని ఇప్పుడు లెక్క వేసుకుంటే తెలుస్తోంది.

మంచు కరిగేసరికి ఆ రంగు పట్టీలు పట్టీలుగా లేచిపోయింది, పోతూ పోతూ ఆవిడ చెయ్యి అందని మూలల్లో మిగిలిన పాత పెచ్చుల్ని కూడా వెంట తెచ్చి మెట్ల మీద రాల్చింది. బాబుకి అప్పుడే నిలబడటం వచ్చింది. ఆ మెట్ల పైపు పట్టుకునే లేచేవాడు, పట్టుకునే ఊగేవాడు, పళ్ళు వస్తున్న నోటితో దాన్నే కొరికేవాడు. అత్తయ్య పట్టు వదలకుండా మళ్ళీ కత్తి తీశారు. ఏడాది నిండాక చెకప్‌కి తీసుకెళ్తే డాక్టరు ఇల్లు ఎప్పటిదని అడిగాడు. పాత ఇల్లని గర్వంగానే చెప్పాను. రక్తం తీశారు. కొన్నాళ్ళకి ఆఫీసుకే ఫోన్ చేశాడు, పక్క టేబుల్ దగ్గర ఎవరో పుట్టినరోజు కేకు కోస్తున్నారు, నేను ఒక చెవి మూసుకుని సీసం అన్న మాట రెండుసార్లు చెప్పించుకున్నాను. వెంటనే ప్రాణానికేం భయం లేదన్నాడు, ఆస్పత్రిలో చేర్చేంత లేదన్నాడు, కానీ అది పసిపిల్లల మెదడు మీద పనిచేస్తుందనీ, ఎంత పాడు చేసిందో పిల్లవాడు బడికి వెళ్ళే వయసు వస్తేగాని తెలియదనీ, అప్పుడు తెలిసినా దీనివల్లేనని ఎవరూ గట్టిగా చెప్పలేరనీ అన్నాడు. ఆ రోజునుంచి ఇవాళ్టి దాకా నేను ఆ మాటల దగ్గరే ఆగిపోయి ఉన్నాను.

కౌంటీ ఆరోగ్య శాఖ ఆఫీసునుంచి ఒకావిడ ఇల్లు చూడటానికి వచ్చింది. నేను సెలవు పెట్టి ఉన్నాను. కిటికీలు చూసింది, తలుపులు చూసింది, బయట మెట్ల దగ్గరికి వచ్చేసరికి అత్తయ్య ముందుకొచ్చి నిలబడ్డారు. ఇంతకాలానికి తన పని చూడటానికి ఒక దొరసాని వచ్చిందని ఆవిడ మొహం వెలిగిపోయింది. ఎలా గీకారో చేతుల్తో చేసి చూపించారు, అడుగున ఉన్న ఎర్ర పూత ఎంత మొండిదో చెప్పారు, బాబు పక్కనే కూర్చుని ఆడుకునేవాడని చెప్పారు, చివరికి కొంగు తీసి పైపు మీద రాసి, ఇలా తుడిచేదాన్నని చెప్పమన్నారు. నేను ఒక్కొక్క మాటా ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. చెప్పక తప్పుతుందా, అది నా బిడ్డ రక్తం. ఆ కౌంటీ ఆవిడ కాగితం మీద రాసుకోవడం ఆపి, ఆ కొంగునీ, నా చంకలో ఉన్న బాబు మూతినీ మార్చి మార్చి చూసింది. ఆ ఎర్ర పూతలోనూ, పాత రంగుల్లోనూ సీసం ఉంటుందనీ, ఆ చీరలన్నీ విడిగా ఉతకమనీ, పొడిగా గీకడం ఇక వద్దనీ మెల్లగా చెప్పి, ఇదంతా అత్తగారికి చెప్పమంది. ఆ కౌంటీ ఆవిడ అక్కడే నిలబడి ఉండగా తెలుగులో చెప్పాను.

అత్తయ్య మొదట నమ్మలేదు. "రంగుతో జబ్బేంటమ్మాయ్, వింటే ఎవరైనా నవ్వుతారు. మీ ఆయన చిన్నప్పుడు గోడకున్న సున్నం గోటితో గీక్కుని బెల్లంలా చప్పరించేవాడు, ఇంజనీరు కాలేదా?"

సున్నం వేరు, ఇది వేరని మావారు సాయంత్రం వచ్చి ఎంతో చెప్పారు. ఆవిడ వినలేదు, అంతగా అయితే మీరే చూసుకోండి మీ బిడ్డని, మేం పల్లెటూరివాళ్ళం, విషం పెట్టి పెంచుతాం అని అలిగి గదిలోకి వెళ్ళిపోయారు. మళ్ళీ రక్తం తీసే రోజున మాత్రం తానూ వస్తానన్నారు. అక్కడ చిన్న చేతిలో నరం దొరక్క నర్సు ఒకచోట పొడిచి, తీసి, ఇంకోచోట పొడిచింది. నేను కాళ్ళు పట్టుకున్నాను. వాడు గుక్కపట్టి, కళ్ళనీళ్ళతో నానమ్మ వైపే చూస్తూ, అలవాటు ప్రకారం మొహం ముందుకు చాచాడు, తుడవమని. ఆవిడ చెయ్యి కొంగు దాకా వెళ్ళి ఆగిపోయింది.

ఆ మర్నాటినుంచి ఆవిడ కొంగు చుట్టుకుని నడుముకి గట్టిగా దోపుకునేవారు, పొలం పనికి వెళ్ళేవాళ్ళలా. బాబు దగ్గరికి వస్తే ముందు వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కునేవారు, కడుక్కుని వచ్చి మళ్ళీ అనుమానమొచ్చి వెనక్కి వెళ్ళేవారు, ఈలోగా వాడు చేతులు చాచి చాచి విసిగి ఇంకో బొమ్మ దగ్గరికి పోయేవాడు. నేను తప్పు మీది కాదని ఎన్నో సార్లు చెప్పాను. ఆవిడ వినిపించుకున్నట్టు తలూపి, మళ్ళీ కుళాయి దగ్గరికి నడిచేవారు. తన ప్రార్థనలు కూడా గొంతు తగ్గించి చేసుకునేవారు, ఏం అడుగుతున్నారో మాకు వినపడకూడదన్నట్టు.

మే నెలలో నేనూ మావారూ ఆ పైపుల పని మళ్ళీ మొదటినుంచి చేశాం. ఎలా చెయ్యాలో కౌంటీ ఆవిడ చెప్పే వెళ్ళింది. బాబునీ అత్తయ్యనీ వారాంతానికి సంఘంలోని ఆంటీ ఇంటికి పంపి, కిటికీలన్నీ మూసి, నేలమీద ప్లాస్టిక్ పట్టా పరిచి, మూతులకి మాస్కులు కట్టుకున్నాం. పైపుని తడుపుతూ, తడి ఆరనివ్వకుండా ఊడే పెచ్చుల్ని మాత్రం తీశాం, గట్టిగా పట్టుకున్నదాన్ని కదపలేదు. తడి గుడ్డతో తుడిచిన ప్రతిసారీ గుడ్డ పారేశాం. ఆరాక తుప్పు పట్టనివ్వని పూత ఒకటి, దాని మీద రెండు పూతలు రంగు. మెట్ల పక్కనున్న మన్ను జానెడు లోతు తవ్వి తీయించి, కొత్త మన్ను పోశాం. మే నెల ఎండకి రంగు చక్కగా ఆరింది. అంతా అయ్యాక మావారు బ్రష్షు కడుగుతూ, "అమ్మ ఎంత బాగా గీకింది చూశావా, మనకి పనే మిగల్చలేదు" అని మొహం అటు తిప్పుకున్నారు.

అత్తయ్య తిరిగి వచ్చి పైపుల్ని దూరంనుంచి చూశారు. బాగున్నాయన్నారు. మెట్లు మాత్రం గోడ పట్టుకుని ఎక్కారు. ఆ చలికాలం రాకముందే వెళ్ళిపోతానని పట్టుబట్టి వెళ్ళిపోయారు, పండుగ దాకా అయినా ఉండమంటే, పండుగ మా ఊళ్ళో చేసుకుంటానమ్మా అన్నారు. బాబు రక్తంలో సీసం నెమ్మదిగా తగ్గుతూ వచ్చింది. తగ్గిన ప్రతిసారీ కబురు చేశాం.

ఇప్పుడావిడ ఫోనున్న పాస్టరుగారింటికి వచ్చి, మా ఆదివారం పొద్దున, వాళ్ళ సాయంత్రం, మా ఫోన్ కోసం కూర్చుంటారు. మా ఉద్యోగాల గురించీ ఒంట్లో ఎలా ఉందనీ అడగరు. బాబు చదువుతున్నాడా అని ఒక్కటే అడుగుతారు. పోయినసారి, వాడికి ఇంగ్లీషు బైబిల్ ఇచ్చి ఒక వచనం చదివించమ్మా, నాకు అర్థం కాకపోయినా పర్లేదు, వింటాను అన్నారు. నేను పుస్తకం తెరిచి వాడి చేతికిచ్చి, ఫోన్ వాడి నోటి దగ్గర పట్టుకున్నాను. వాడు పేజీ వైపు చూడలేదు. కిటికీ బయట ఉడుతని చూస్తూ, సండే స్కూల్లో పాడి పాడి కంఠతా వచ్చిన వచనం ఒక్క తప్పు లేకుండా గడగడా చెప్పేశాడు. గొర్రుమంటున్న లైన్లో అవతల ఆవిడ వెక్కిళ్ళు వినిపించాయి.

"తడుముకోకుండా చదివాడు అమ్మాయ్. చదివాడు. ప్రభువా, స్తోత్రం."

"అమ్మా, నానమ్మ ఎందుకు క్రై చేస్తోంది?" అన్నాడు వాడు. సంతోషంతో అన్నాను. అది నిజమే కదా.

ఇప్పుడు కొత్తగా కడుతున్న ఇళ్ళకి తుప్పు పట్టని ప్లాస్టిక్ గొట్టాలు పెడుతున్నారు. మన సంఘంలో క్రిస్మస్‌కి రంగులు వేసుకునేవాళ్ళు ఎవరూ కనపడరు, రంగు లైట్ల తీగలు కొనుక్కొచ్చి చూరుకి కడతారు, కేరల్స్ కూడా హాల్లోనే. అత్తయ్య తరంలో బిడ్డకి ఏదైనా అయితే దేవుడి చిత్తమని ఏడ్చి లేచేవాళ్ళు. మనకి ఆ పొడి పేరు తెలుసు, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు, ఏ చేతినుంచి ఏ నోటికి వెళ్ళిందో కూడా తెలుసు, ఇన్ని తెలిసి కూడా మా వాడు అక్షరాలు కలుపుకోలేకపోవడం దానివల్లో, వాడి తీరే అంతో మాత్రం తెలియదు. ఆవిడ లోపల కూడా ఈ తెలియకపోవడమే తిరుగుతోందేమో, బాపట్లలో ఏ కుళాయి దగ్గర ఎన్నిసార్లు చేతులు కడుక్కుంటున్నారో. కొత్తగా పెళ్ళయి వచ్చిన పిల్లలు ఇప్పుడు నాలాగే పాత ఇళ్ళు కొనుక్కుంటున్నారు, భోజనానికి పిలుస్తున్నారు. వెళ్ళి కూర్చున్నాక, వాళ్ళు కాఫీ కలిపేలోగానే ఈ ఇల్లు ఎప్పుడు కట్టిందమ్మా అని అడుగుతాను. ఇంటి ముచ్చట అడుగుతున్నాననుకుని వాళ్ళు సంతోషంగా చెప్పుకొస్తారు, నేను వింటున్నట్టు తలూపుతూ, మెట్ల దగ్గర ఆడుకుంటున్న వాళ్ళ పిల్లల చేతుల వైపే చూస్తూ ఉంటాను.